నాలుగున్నర దిండ్లు

మా ఊళ్లో పోలీసులకీ జనానికీ స్నేహం కుదర్చడానికి ఒక కమిటీ ఉంది. పోలీసులు తప్పు చేస్తే ఊరి తరఫున అడిగేది ఈ కమిటీయేనని, దాన్ని పెట్టిన రోజున ఎస్సై గారు మైకులో చెప్పారు. అందులో ఎవరెవరు ఉండాలో కూడా ఆయనే చెప్పారు. మా పేపర్లు ఎవరు దిద్దాలో మేమే ఎంచుకునే వీలుంటే పదో తరగతిలో ఒక్కరు కూడా తప్పేవాళ్లు కాదు.

అధ్యక్షుడు వెంకటనారాయణ గారు. ఆయనకు పురుగుమందుల కొట్టుంది. స్టేషను ప్రహరీకి రంగులు వేయించి, ఆ గోడ మీదే తన కొట్టు పేరు రాయించుకున్నారు. రైతుల తరఫున కోటేష్. పదెకరాల పత్తి, నాలుగెకరాల మిర్చి, ఊరంతా వినపడే గొంతు అతని ఆస్తి. ఆడవాళ్ల తరఫున పొదుపు సంఘం లీడరు బసవమ్మ గారు. చదువుకునే పిల్లల తరఫున నేను. నా పేరు హీనా.

నన్నెందుకు వేశారో నాకు తెలుసు. "ఆడపిల్ల, మైనారిటీ, స్టూడెంటు. ఒక్క కుర్చీలో మూడూ వచ్చేశాయి మాస్టారూ" అని వెంకటనారాయణ గారు మా హెడ్మాస్టరుతో అంటుంటే వరండాలో నిలబడి విన్నాను. ఇంకో రెండు కారణాలు కూడా ఉన్నాయి. నేను ఎవరితోనూ మాట్లాడను. క్లాసులో హాజరు పలికితే నా పక్కన కూర్చున్న శ్రీరమ్యకి కూడా వినపడదు. చేతిరాత మాత్రం బాగుంటుంది. నోరు లేని చేతిరాత దొరకడం ఏ కమిటీకైనా అదృష్టమే.

మా ఊళ్లో ఏ మీటింగయినా ఒకటే పద్ధతి. ముందు సంతకాలు, తర్వాత సంగతి. తీర్మానాల పుస్తకంలో పేజీ పైభాగం ఖాళీగా వదిలేసి అడుగున అందరూ సంతకాలు పెడతారు. అప్పుడు టీ వస్తుంది. సంతకం ముందే పెట్టించుకోకపోతే టీ తాగాక మనిషి దొరకడు. పైన ఏం రాయాలో వెంకటనారాయణ గారు ఒక చీటీ ఇస్తారు. నేను పుస్తకం ఇంటికి తెచ్చుకుని, చీటీలో ఉన్నది గుండ్రటి అక్షరాలతో నింపి, మర్నాడు బడికి వెళ్తూ కొట్లో ఇస్తాను. సొసైటీలో ఇంతే, బడి కమిటీలో ఇంతే, మా మసీదు కమిటీలోనూ ఇంతే. దీన్ని ఎవరూ మోసం అనుకోరు. కాగితం అంటే అలాగే తయారవుతుందని అనుకుంటారు.

ఏడాదిన్నరలో స్నేహ కమిటీ పద్దెనిమిది సార్లు కూర్చుంది. పద్దెనిమిది సార్లూ పోలీసువారి పనితీరు పట్ల సంతృప్తి వ్యక్తం చేసింది. సంతృప్తి అనే మాట నేను కళ్లు మూసుకుని కూడా రాయగలను.

పంతొమ్మిదో మీటింగు మా అయూబ్ బాబాయి గురించి.

బాబాయి అంటే నాన్న తమ్ముడు. మేము నూర్‌బాషాలం. దూది ఏకి పరుపులూ దిండ్లూ కుట్టడం మా ఇంటి పని. నాన్న ఆ పని వదిలేసి గుంటూరు మిర్చి యార్డుకి హమాలీగా వెళ్తున్నాడు. బాబాయి వదల్లేదు. మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఏకుడు మిషను పెట్టుకుని, పాత పరుపుల్లో గడ్డకట్టిన దూదిని మళ్లీ మెత్తగా చేసి కుట్టి ఇస్తాడు. జోహరాబీ పిన్ని గలేబులు కుడుతుంది. మా ఊళ్లో ఎవరు ఏ తల కింద ఏ దిండు పెట్టుకున్నా అది మా షెడ్డులోంచి వెళ్లిందే.

జనవరి చివర్లో కోటేష్ కొట్టంలోంచి రెండు పత్తి బస్తాలు పోయాయి. కోటేష్ స్టేషనుకు వెళ్లి కేకలు వేశాడు. మర్నాడు పొద్దున్నే జీపు వచ్చి ఊళ్లో నాలుగు చోట్ల ఆగి, మా షెడ్డు దగ్గర ఆగిపోయింది. లోపల తెల్లగా కుప్ప కనపడింది. పోలీసులకు అది చాలు. దూది ఏకేవాడి షెడ్డులో దూది దొరకడం కన్నా పెద్ద ఆధారం ఏముంటుంది.

"ఇది దూదండి, పత్తి కాదు" అన్నాడు బాబాయి. "గింజ తీసేసింది. ఆ కోటేష్ గారిది గింజతో ఉన్న పత్తి. చేత్తో పట్టుకు చూడండి, తెలిసిపోద్ది."

"గింజలు ఎక్కడ దాచావో అదే అడుగుతున్నాం, పద" అన్నాడు హెడ్ కానిస్టేబులు.

గింజ ఉన్నది పత్తి, లేనిది దూది. ఈ సంగతి మా ఊళ్లో అంగన్‌వాడీకి వెళ్లే పిల్లలకు తెలుసు. గింజ తీయాలంటే మిల్లు కావాలని కూడా తెలుసు. పంచనామాలో మాత్రం 'తెల్లని పత్తి ఒక కుప్ప' అని రాసుకున్నారు. కుప్పతో పాటు అక్కడున్న పెద్ద సూదీ, ఎర్ర దారం ఉండా కూడా సంచిలో వేసుకుని, మాట్లాడి పంపిస్తామని బాబాయిని తీసుకెళ్లారు.

మర్నాడు సాయంత్రం పంపించారు. కుడి మణికట్టు వాచి వంకాయ రంగులో ఉంది. కొట్టారని చెప్పాడు. అంతకు మించి పిన్ని ఎంత అడిగినా చెప్పలేదు. పుత్తూరు కట్టు కట్టించుకుని వచ్చి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఏకుడు మిషను మీద పిన్ని గోనెపట్టా కప్పేసింది.

వారం తర్వాత కోటేష్ బస్తాలు దొరికాయి. ఎక్కడికీ పోలేదు. అతని బావమరిది తన పత్తితో పాటు వాటిని కూడా ట్రాక్టరులో వేసుకుని జిన్నింగు మిల్లుకు తోలాడు. కోటేష్‌కి చెప్పడం మరిచిపోయాడు. కోటేష్ స్టేషనుకు చెప్పడం మరిచిపోయాడు. మరపు వాళ్ల ఇంటి జబ్బులా ఉంది.

పిన్ని మరిచిపోలేదు. బాబాయి చేత అర్జీ పెట్టించింది. సోమవారం నాడు ఇద్దరూ జిల్లా ఆఫీసుకు వెళ్లి, తప్పుడు అనుమానంతో రెండు రోజులు ఉంచి చెయ్యి విరిచారని కాగితం ఇచ్చి రసీదు తెచ్చుకున్నారు. అక్కడివాళ్లు పద్ధతి ప్రకారం ఆ అర్జీ నిజమో కాదో ఊరి స్నేహ కమిటీ అభిప్రాయం పంపమన్నారు. కమిటీ కాదంటే ఫైలు మూసేస్తారు. అవునంటే విచారణకు పెద్ద ఆఫీసరు వస్తారు. బాబాయి చెయ్యి సంగతి మొత్తం మా నలుగురి సంతకాల కింద పడింది. ఆ నలుగురిలో నేనూ ఒకదాన్ని కావడం ఎస్సై గారికి గుర్తు లేదు. వెంకటనారాయణ గారికి గుర్తుంది గానీ నేను లెక్కలోకి రాలేదు.

మీటింగు సొసైటీ ఆఫీసు హాల్లో. బయట కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసిన రోజులు. లోపల కూర్చున్నా ముక్కులు మండుతున్నాయి. అలవాటు ప్రకారం ముందు సంతకాలు అయ్యాయి. నేనూ పెట్టాను. టీ వచ్చింది. ఆ రోజు టీ మరీ వేడిగా ఉండటం వల్ల కొంచెం మాట్లాడుకోవలసి వచ్చింది.

"ఏంది కోటేషూ, నీ పత్తి మిల్లులో తేలిందంటగా?" అన్నారు బసవమ్మ గారు.

"మా బావమరిది ఉండాడు చూడక్కా, వాడికి నోట్లో నాలుక లేదు. తోలేటప్పుడు ఒక్క మాట చెప్తే ఏం పోయింది."

"మరి స్టేషనుకెళ్లి చెప్పకపోయావా దొరికిందని?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పమంటావ్? వాడి చెయ్యి విరిగాక నా బస్తాలు దొరికినయ్యని పోతే, నన్ను కూర్చోబెడతారు అక్కడ."

"కూర్చోబెట్టాల్సిందే."

"నువ్వూరుకో అక్కా."

బసవమ్మ గారు టీ ఊదుకుంటూ, "పాపం, చెయ్యి మాత్రం గట్టిగా విరగ్గొట్టారు. మా ఇంట్లో పరుపు సగం విప్పి ఆయన దగ్గరే ఉంది. ఇప్పుడు ఎవరు కుడతారు?" అన్నారు. ఆవిడ బాధ నిజమైనదే. పరుపు గురించి.

వెంకటనారాయణ గారు గొంతు సర్దుకున్నారు. "కొట్టారమ్మా. కొట్టారని ఊళ్లో ఎవరికి తెలవదు? అయితే ఏం చేస్తాం. ఎస్సై మనవాడు. రేపు మన పిల్లోడు లైసెన్సు లేకుండా బండి మీద దొరికితే ఎవరికి ఫోన్ చేస్తాం? అయూబుకా? కొన్ని చూసీ చూడనట్టు పోవాలి. మెట్ల మీద పడ్డాడని రాసి పంపిద్దాం, అయిపోద్ది."

"అంతేలెండి" అన్నాడు కోటేష్.

"అంతేగా మరి" అన్నారు బసవమ్మ గారు.

అప్పుడు ముగ్గురూ నా వైపు చూశారు. బసవమ్మ గారి మొహంలో కాస్త ఇబ్బంది కనపడింది. "ఈ పిల్ల అయూబు వాళ్లన్న కూతురేగా" అన్నారు మెల్లగా, నేను పక్క గదిలో ఉన్నట్టు.

"హీనా బంగారం అమ్మా. దాని మానాన అది రాసుకుపోద్ది" అని వెంకటనారాయణ గారు చీటీ తీసి నా పుస్తకంలో పెట్టారు. "రేపు పొద్దున ఇచ్చెయ్ తల్లీ. ఎల్లుండికల్లా జిల్లాకి చేరాలంట."

నేను తల ఊపాను. ఎప్పుడూ అదే చేస్తాను.

ఇంటికి వచ్చి చీటీ విప్పాను. 'అర్జీదారుని ఉదయం పది గంటలకు పిలిచి ఒక గంట విచారించి, పదకొండు గంటలకు మర్యాదగా పంపివేసినారు. అనంతరం అతడు తన ఇంటి మెట్ల మీద జారిపడినందున చేతికి గాయమైనది. కమిటీ పోలీసువారి పనితీరు పట్ల సంతృప్తి వ్యక్తం చేయుచున్నది.'

మా ఇంటికి మెట్లు లేవు. వాకిలీ రోడ్డూ ఒకే ఎత్తులో ఉంటాయి. వాన వస్తే నీళ్లు నేరుగా వంటింట్లోకి వస్తాయి. వెంకటనారాయణ గారు మా ఇంటికి ఎన్నోసార్లు వచ్చారు, పరుపు కోసం. అబద్ధం చెప్పేముందు ఆ వాకిలి ఒకసారి గుర్తు చేసుకునే ఓపిక కూడా లేదు ఆయనకు. మేమంటే అంత తేలిక.

పుస్తకం తెరిచాను. అడుగున నాలుగు సంతకాలు, పైన తెల్లటి ఖాళీ. 'సమావేశం అధ్యక్షుల వారి అధ్యక్షతన జరిగినది' అని మొదటి వాక్యం రాశాను. అది నిజమే కాబట్టి చెయ్యి ఆగలేదు. మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది.

ఏ రోజు ఎవరు ఏమన్నారో డైరీలో రాసుకోవడం నాకు ఆరో తరగతి నుంచీ అలవాటు. మాట్లాడేవాళ్లకు తాము అన్నవి గుర్తుండవు. మాట్లాడనివాళ్లకు ఒక్కటీ పోదు. డైరీ కన్నా ముందు ఆ సాయంత్రం అదంతా తీర్మానాల పుస్తకంలో రాశాను. నా సొంత మాట ఒక్కటీ వేయలేదు.

'శ్రీ కోటేష్ గారు మాట్లాడుతూ, పోయాయనుకున్న రెండు బస్తాలను తన బావమరిది మిల్లుకు తోలాడని, అయూబ్ చెయ్యి విరిగాక ఆ సంగతి స్టేషనులో చెప్పడానికి మొహం లేదని అన్నారు. శ్రీమతి బసవమ్మ గారు మాట్లాడుతూ, చెయ్యి గట్టిగా విరగ్గొట్టారని, తన పరుపు సగం విప్పి అక్కడే ఉన్నదని అన్నారు. అధ్యక్షుల వారు మాట్లాడుతూ, కొట్టిన సంగతి ఊళ్లో అందరికీ తెలుసునని, అయితే ఎస్సై గారు మనవాడని, మన పిల్లలు లైసెన్సు లేకుండా పట్టుబడినప్పుడు ఫోన్ చేయడానికి వీలుగా మెట్ల మీద పడ్డాడని రాసి పంపుదామని అన్నారు. మిగిలినవారు ఆమోదించారు. విద్యార్థి ప్రతినిధి ఏమీ మాట్లాడలేదు. అర్జీదారు ఇంటికి మెట్లు లేవు.'

సరిగ్గా సంతకాల మీదికి వచ్చి ఆగింది. ఇంకో వాక్యానికి చోటు లేదు.

మర్నాడు పొద్దున పుస్తకం కొట్లో ఇచ్చాను. వెంకటనారాయణ గారు ఒక రైతుకి ఏదో మందు ఎంత కలపాలో చెప్తున్నారు. డబ్బా మీద రాసింది ఒకటికి రెండుసార్లు చదివి వినిపించారు. నా పేజీ మాత్రం చదవలేదు. తారీఖు చూసి, చింపి, కవర్లో పెట్టి, జిగురు రాసి, అప్పుడే వచ్చిన కానిస్టేబులుకి ఇచ్చారు. పద్దెనిమిది సంతృప్తులు మోసిన కానిస్టేబులు పంతొమ్మిదోదాన్ని తన చేత్తోనే జిల్లా ఆఫీసుకు తీసుకెళ్లి ఇచ్చి వచ్చాడు.

ఆ తర్వాత పది రోజులు కొట్టున్న వీధి తప్పించి బడికి వెళ్లాను. ఎవరికీ చెప్పలేదు. పదో రోజు మధ్యాహ్నం పెద్ద జీపు వచ్చింది. అడిషనల్ ఎస్పీ మేడమ్ అట. కమిటీ మొత్తాన్ని సొసైటీ హాలుకు రమ్మన్నారు. మా ఇంట్లోవాళ్లను కూడా.

కమిటీవాళ్లు అది సన్మానం అనుకున్నారు. వెంకటనారాయణ గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని శాలువా ఒకటి మడిచి తెచ్చారు. కోటేష్ తల దువ్వుకుని వచ్చాడు. ఎస్సై గారు గుమ్మం పక్కన నవ్వుతూ నిలబడ్డారు. మేడమ్ శాలువా వైపు చూసి, "అది అక్కడ పెట్టి కూర్చోండి" అన్నారు. తర్వాత కవర్లోంచి నా పేజీ తీసి చదవడం మొదలుపెట్టారు.

మొదటి వాక్యానికి వెంకటనారాయణ గారు తల ఊపారు. రెండో వాక్యానికి ఊపబోయి ఆపారు. పరుపు దగ్గరికి వచ్చేసరికి బసవమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. లైసెన్సు దగ్గరికి వచ్చేసరికి ఎస్సై గారి నవ్వు పోయింది. మేడమ్ ఆయన్ని బయట ఉండమన్నారు.

"ఈ సంతకాలు మీవేనా?"

ముగ్గురూ పేజీని చూశారు, ఒకరినొకరు చూసుకున్నారు, చివరికి నన్ను చూశారు. నేను నా చెప్పులు చూసుకున్నాను. వాళ్ల కష్టం నాకు అర్థమవుతూనే ఉంది. సంతకం మాదే గానీ పైన ఏముందో మాకు తెలియదని అంటే, పద్దెనిమిది పేజీల మీద కూడా అదే మాట అనాలి. మేం అనలేదంటే, అన్నారని వాళ్ల చెవులకే తెలుసు.

"మావే" అన్నారు వెంకటనారాయణ గారు, పురుగుమందు తాగినవాడిలా.

"కోటేష్ గారు, ఈ మాట మీరు అన్నారా?"

కోటేష్ చాలాసేపు మెడ గోక్కున్నాడు. "అన్నానండి. మిల్లు చీటీ కూడా ఉంది. మా బావమరిది పేరు మీద."

"బసవమ్మ గారు, మీరు?"

"అన్నానమ్మా. ఏం, అబద్ధమా? నా పరుపు ఇంకా అక్కడే ఉంది, కావాలంటే పోయి చూసుకోండి."

ఇద్దరు ఒప్పుకున్నాక ఒప్పుకోవడం కూడా ఒక గొప్పే అని వెంకటనారాయణ గారికి తట్టినట్టుంది. కుర్చీలో నిటారుగా అయ్యారు. "నేనే రాయించానండి. భయపడొద్దు, జరిగింది జరిగినట్టు రాయమ్మా అని పిల్లకి నేనే చెప్పా. ప్రజల పక్షాన నిలబడాలి గదండీ ఎవరో ఒకరు."

"మన పిల్లలకు లైసెన్సు లేదన్నది కూడా మీరే రాయించారా?"

"అది... జరిగింది జరిగినట్టు అన్నాగదండీ."

మేడమ్ పెదవులు బిగించి, నా వైపు ఒకసారి చూశారు. ఏమీ అడగలేదు. అడిగితే నేను చెప్పగలిగేదాన్ని కాదు. బాబాయిని ముందుకు రమ్మన్నారు.

కట్టు ఇంకా ఉంది. ఎడమ చేత్తో దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. కొట్టింది ఎవరు, ఎప్పుడు అని మేడమ్ అడిగింది అడిగినట్టు చెప్పాడు. ఆవిడ పక్కనున్న రైటరు రాసుకుంటున్నాడు. అప్పుడు మేడమ్ ఇంకో కాగితం తీశారు.

"స్టేషను రికార్డులో నిన్ను పదింటికి తీసుకొచ్చి పదకొండింటికి పంపినట్టు ఉంది. కమిటీ చెప్పింది విన్నమాట. నువ్వు ఆ రోజంతా అక్కడే ఉన్నావని చూపించడానికి ఏమైనా ఉందా? ఎవరైనా చూశారా?"

బాబాయి ఎడమ చేత్తో కట్టు సర్దుకున్నాడు. కిటికీలోంచి ఎస్సై గారి భుజం కనపడుతోంది. ఫైలు అక్కడే మూసుకుపోయేలా ఉంది.

"చెప్పయ్యా" అంది పిన్ని వెనక నుంచి. "ఏదుంటే అది చెప్పు."

బాబాయి పిన్ని వైపు చూడకుండా చెప్పాడు. "దిండ్లు ఉన్నాయండి."

"ఏం దిండ్లు?"

"స్టేషనులో వాళ్లు పడుకునే దిండ్లండి. దూది గడ్డకట్టిపోయింది, ఎటూ వచ్చావుగా బాగు చెయ్యమన్నారు. నా షెడ్డులో తీసుకున్న సూదీ దారం ఆ సంచిలోంచే తీసిచ్చారు. మిషను లేదు గదండీ, దూది వేళ్లతో పీకి, బెత్తంతో కొట్టి మెత్తగా చేశా. వాళ్ల బెత్తమేనండి. అయిదు ఇచ్చారు. నాలుగు కుట్టా. అయిదోది సగంలో ఉండగా ఎస్సై గారు వచ్చి, కేసు ఎంతవరకు వచ్చిందని అడిగారు. అప్పుడు కొట్టారు."

కోటేష్ పక్కుమని నవ్వి, ఎవరూ నవ్వడం లేదని చూసి దగ్గుగా మార్చుకున్నాడు.

"ఇది అర్జీలో ఎందుకు రాయలేదు?" అన్నారు మేడమ్.

"కొట్టారని చెప్పుకోవచ్చండి. కొట్టబోయేవాళ్లకి దిండ్లు కుట్టిచ్చానని ఎట్టా చెప్పుకుంటామండి?"

మేడమ్ పెన్ను కింద పెట్టారు. "చేత్తో అయితే ఒక దిండుకి ఎంతసేపు పడుతుంది?"

"గంటన్నర. గడ్డ మరీ గట్టిగా ఉంటే రెండు గంటలండి."

మేడమ్ వేళ్ల మీద లెక్క వేసుకోవడం నేను చూశాను. నాలుగున్నర దిండ్లు పదింటికీ పదకొండింటికీ మధ్య పట్టవు. ఆవిడ తన వెంట వచ్చిన పోలీసులిద్దరినీ స్టేషనుకు పంపారు. ఎస్సై గారు తానూ వెళ్తానన్నారు. వద్దన్నారు.

అరగంటలో జీపు దిండ్లతో, బాబాయి సూదీ దారంతో వచ్చింది. టేబుల్ మీద వరసగా పెట్టారు. నూనె మరకలతో నల్లబడిన గలేబులు, నాలుగింటి మూతులకు మాత్రం కొత్త ఎర్ర దారం.

"ఇవి ఎప్పటివో మేడమ్, బజారులో కొన్నవి" అన్నారు ఎస్సై గారు గుమ్మంలోంచి.

పిన్ని ముందుకు వచ్చి ఒక దిండు అందుకుంది. "ఇట్టా చూడండమ్మా. బజారు దిండుకి మూతి మిషను మీద కుడతారు. ఇది చేతికుట్టు. చివర మూడు ముళ్లు వేసి లోపలికి తోస్తాడు మా ఆయన. మా మామగారు నేర్పిన పద్ధతి. ఈ చుట్టుపక్కల ఇంకెవరూ వెయ్యరు." గోరుతో కుట్టు పక్కకి జరిపి ముళ్లు చూపించింది.

మేడమ్, "ఊళ్లో ఈయన కుట్టిన దిండు ఇంకోటి దొరుకుతుందా?" అన్నారు.

దొరకడమేమిటి. బసవమ్మ గారు అప్పటికే లేచి ఇంటికి పరుగెత్తారు. కోటేష్ ఫోన్ చేసి వాళ్లావిడ చేత రెండు తెప్పించాడు. వెంకటనారాయణ గారు ఒకటి పంపించమని చెప్పి, ఇద్దరి కన్నా వెనకబడిపోతానని భయమేసి పరుపు కూడా తెమ్మన్నారు. గుమ్మం దగ్గర మూగిన జనం కూడా వెళ్లి తలా ఒకటి పట్టుకొచ్చారు. పావుగంటలో సొసైటీ హాలు దిండ్లతో నిండిపోయింది. ప్రతి దాని మూతిలో మూడు ముళ్లు ఉన్నాయి.

"అయూబు కుట్టు అంటే ఈ ఊళ్లో తెలియనివాడు ఎవడండీ" అన్నారు వెంకటనారాయణ గారు. "మొదటి నుంచీ నేను చెప్తూనే ఉన్నా, అతను నిజాయితీపరుడు అని."

ఎవరికి చెప్పారో ఆయన చెప్పలేదు. పద్దెనిమిది పేజీల్లో ఎక్కడా లేదు. ఇంత ధైర్యం ఊళ్లో ఎక్కడ దాగి ఉందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. దిండు పట్టుకుని నిలబడటానికి ధైర్యం అక్కర్లేదు అనుకుంటే అర్థమవుతుంది.

రైటరు స్టేషను దిండ్లకు చీటీలు కట్టడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదోదాన్ని ఎత్తగానే కుట్టని మూతిలోంచి దూది జారి టేబుల్ మీద పడింది. బాబాయి ఎడమ చెయ్యి చాపి, రాలిన దూదిని పోగుచేసి లోపలికి తోశాడు. హాల్లో ఉన్న అన్ని దిండ్లలోకీ అదొక్కటే అరకొరగా ఉంది. దాన్ని ఊరంతా చూస్తున్నారని ఆయన మొహం ముడుచుకుపోయింది.

"ఇట్టా వదిలేస్తే ఊరు దాటేలోపే మొత్తం రాలిపోద్దండి" అన్నాడు రైటరుతో. "ఆ సూది ఇటిస్తే మా ఆవిడ రెండు నిమిషాల్లో మూసేసిద్ది."

"వద్దు" అన్నారు మేడమ్. "అది అలాగే ఉండాలి."

బాబాయికి నచ్చలేదు. అయినా దిండు వదిలేశాడు. రైటరు దాన్ని విడిగా ఒక సంచిలో పెట్టి మూతి కట్టి, చీటీ మీద అయిదు అని రాశాడు.